చీకటి దీవిలో దీపమారని యిల్లు

కారిబియన్ సముద్రమునకును అట్లాంటిక్ మహాసముద్రమునకును నడుమ ప్యూర్టోరికో యను దీవి కలదు. తూర్పు పడమరలుగా నూరు మైళ్లు, ఉత్తర దక్షిణములుగా ముప్పదియైదు మైళ్లు మాత్రమే యుండును. 1898 వరకు స్పెయిన్ దేశపు టేలుబడిలో నుండి, పిమ్మట అమెరికా సంయుక్త రాష్ట్రముల వశమైనది. అచ్చటివారు 1917 నుండియు అమెరికా పౌరులే. అయినను దీవిలో కాపురమున్నంత కాలము ఆ దేశాధ్యక్షుని యెన్నికలో వారికి వోటు లేదు. పుట్టినింట హక్కు పోయి మెట్టినింట పెత్తనము రాని కోడలి స్థితి వారిది.

రాజధానియైన శాన్ హువాన్ నుండి సముద్రతీరము వెంబడి పడమరగా అరెసీబో వరకు పోయి, అచ్చట దక్షిణమునకు మరలి, ఉతువాదో మీదుగా కొండలెక్కినచో అడ్‌హుంతాస్ అను చిన్న పట్టణము చేరవచ్చును. చుట్టుపట్ల పల్లెలతో గూడ లెక్కించినను జనసంఖ్య 18,000 మాత్రమే. తీరమున ఉక్కపోయుచున్న వేళలందును ఇచ్చట చల్లగానుండును. ఊరి దాపున నున్న కొండలవరుస, వెల్లకిల పండుకొని నిద్రించుచున్న మహాకాయునివలె గానవచ్చుటచేత దీనికి నిద్రించు రాక్షసుని పట్టణమని ముద్దుపేరు. కుంభకర్ణుని కథ యెరిగిన మనకు ఆ పేరు క్రొత్తగా దోపదు. కొండవాలులనిండ కాఫీ తోటలు. వానితోపాటు మాదీఫలపు చెట్లు. మాదీఫలపు దళసరి తొక్కను చేదు విరుగునట్లు నానవైచి పంచదార పాకమున నుడికించి వారొక మిఠాయి చేయుదురు. మనయిండ్ల దానిని ఊరగాయకే వాడుదుము గాని, ఈ విధముగా గూడ చేసి చూడదగినదే.

ఇంత చల్లని చోటునకును తుఫాను భయము తప్పలేదు. ఇంగ్లీషువారు తుఫానునకు వాడు హరికేను అను మాట, ఈ దీవుల ఆదివాసులైన తాయినో జనుల హురకాన్ అను మాట నుండియే పుట్టినది. స్పెయిన్ వారి కాలమున నే మహాత్ముని పండుగనాడు తుఫాను వచ్చిన నా మహాత్ముని పేరే దానికి బెట్టుచుండిరి. 1899 ఆగస్టు 8వ తేదీన వచ్చిన సాన్ సిరియాకో తుఫాను వేలకొలది జనులను బలిగొని, కొండలమీది కాఫీ తోటలను నేలమట్టము చేసినది. ముసలివారు దాని కథను పిల్లలకు చెప్పుచు వచ్చిరి.

అడ్‌హుంతాస్ పట్టణమున గులాబిరంగు గోడలుగల పాతయిల్లొకటి యున్నది. పేరు కాసా ప్వెబ్లో. ప్రజల యిల్లని అర్థము. ఈ కొండలను త్రవ్వి రాగి, వెండి, బంగారము దీయుటకు యత్నములు జరుగుచున్న కాలమున, 1980లో, అలెక్సిస్ మసోల్ గొంసాలెస్ అను సివిల్ ఇంజనీరును ఆయన భార్య తీంతీ దెయా దీయాస్‌ను మరికొందరు మిత్రులును గూడి వానిని ప్రతిఘటించుటకై యొక సంఘము పెట్టిరి. ఆ సంఘమునకు నిలయమైనది ఈ యిల్లు. పదునైదేండ్లకు పైగా పోరాడగా గనుల తలంపు మానబడెను. త్రవ్వవలెననుకొన్న నేలయే 1996లో ప్రజల అడవియై, దాని నిర్వహణము ఈ సంఘము చేతికే వచ్చెను. 2002లో అలెక్సిస్ మసోల్ గారికి పర్యావరణ రక్షణకై యిచ్చు గోల్డ్‌మన్ బహుమాన మొసగిరి. బహుమానము భర్త పేరనే వచ్చినది గాని, ఇల్లు నిలిపినవారు ఇద్దరును.

ఈ సంఘమువారు నిత్యవ్యయములకు కొండకాఫీని వేయించి పొడిగొట్టి, ‘మాద్రె ఈస్లా’ అనగా తల్లిదీవి యను పేరుతో అమ్ముచుందురు. ఒకరి చేతి క్రింద నుండరాదనుట వారి పట్టుదల. ఆ పట్టుదలతోడనే 1999లో ఇంటి కప్పుమీద సౌరఫలకములు బరపించి, బ్యాటరీలు పెట్టించి, తమకు గావలసిన విద్యుత్తును తామే చేసికొన నారంభించిరి. అప్పటికవి మిక్కిలి ప్రియమైన వస్తువులు. తీగె వాకిటి ముందునుండి పోవుచుండగా ఈ వేడుక యేల యని లోకులనుకొనుట సహజమే.

అరణ్యవాసమునకు బోయిన ధర్మరాజు, తన వెంటవచ్చిన బ్రాహ్మణులకు అన్నము పెట్టు దారి గానక ధౌమ్యుని నడుగగా, ఆయన సూర్యు నారాధింపుమని చెప్పుటయు, భాస్కరుడు ప్రత్యక్షమై అక్షయపాత్ర నిచ్చుటయు మనమందర మెరిగినదే. ఆ కథలో నాకు జిత్రముగ దోచునది మరియొక సంగతి. ద్రౌపది భుజించువరకే ఆ పాత్ర అన్నమిచ్చును. పిదప మరునాటివరకు రిక్తము. బ్యాటరీ స్వభావమును సరిగా నిట్టిదే. పగలు సూర్యుడు నింపినంతయే రాత్రికి మిగులును. కనుక ఎవరికి ముందు వడ్డింపవలెను, ఎవరిని ఆగుమనవలెను అను విచారణ ఇల్లాలికి తప్పనట్లే ఈ యింటివారికిని తప్పలేదు.

2017 సెప్టెంబరు 20వ తేదీ ప్రాతఃకాలమున మరియా యను తుఫాను దీవి ఆగ్నేయమున యబూకోవా యొద్ద ఒడ్డెక్కెను. గాలివేగము గంటకు 155 మైళ్లు. దీవి నంతటిని కోసికొనిపోయి వాయవ్యమున వెడలిపోవునప్పటికి, ఎచ్చటను దీపమనునది లేదు. ఆ దీవి విద్యుత్తులో అధికభాగము దక్షిణ తీరమందలి యంత్రశాలలలో నూనెయు వాయువును బొగ్గును గాల్చి చేయుదురు. అధికముగా వాడువారు ఉత్తరమున రాజధాని చుట్టును గలరు. నడుమ నున్నది కొండల వరుస. వంటయిల్లు ఒక యూరను భోజనశాల వేరొక యూరను నుండి, నడుమ నున్న వంతెన యొకటే యైనట్లు, ఆ కొండలమీది స్తంభములు పడిపోగానే అంతయు నిలిచిపోయెను. విద్యుత్తు సంస్థ అంతకు రెండు నెలల ముందే, జూలైలో, అప్పులపాలై దివాలా దరఖాస్తు పెట్టుకొని యుండెను. చెట్లు గొట్టించుట, స్తంభములు మార్పించుట చిరకాలము నుండి వెనుకబడియే యుండెను. చివరి యిండ్లకు దీపము మరల వచ్చుసరికి సుమారు పదునొకండు మాసములు పట్టెను. కొండలమీది పల్లెలు సహజముగ ఆ చివరివానిలోనివే.

ఆ చీకటిలో కాసా ప్వెబ్లో దీపము వెలుగుచుండెను. పదునెనిమిదేండ్ల క్రిందట వేడుకగ గనబడినది ఇప్పుడు ఊరి కంతటికిని ఊపిరియైనది. జనులు వచ్చి తమ ఫోనులకు శక్తి నింపుకొనిరి. శ్వాసరోగుల ఊపిరియంత్రములు అచ్చటనే నడచెను. మధుమేహమున్నవారి ఇన్సులిను మందు చల్లదనము లేనిచో చెడును గదా! ఆ మందునకై చిన్నచిన్న ఫ్రిజ్జులు సమకూర్చి సౌరవిద్యుత్తుతో నడిపించిరి. పిమ్మట దాతల సాయముతో 14,000 సౌరదీపములు దెప్పించి కొండపల్లెల నింటింటికిని పంచిరి. ఎండలో బెట్టి రాత్రి వెలిగించుకొను చిన్న దీపములవి. వెల స్వల్పమే. అయినను చీకటిలో పసిబిడ్డకు పాలు గలుపుకొనిన తల్లికి దాని విలువ తెలియును.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముమీద విరుచుకొని పడిన పిదప ఆ నగరవాసులును ఇట్టి దినములను జూచిరి. దీపము లేదు, ఫోను పలుకదు, మోటారు తిరుగక మిద్దెమీది తొట్టెకు నీరెక్కదు. పాలకును త్రాగునీటికిని క్రొవ్వొత్తులకును అంగళ్లలో వెలలు పెరిగినవి. తరువాత ప్రపంచబ్యాంకు అప్పుతో ఆ నగరమున విద్యుత్తీగెలను కొంతమేర భూమిలోనికి దింపిరి. అదియు మంచి పనియే. కాని తీగె భూమిలో నున్నను, విద్యుత్తు దూరమునుండియే రావలెను.

ప్యూర్టోరికోలో మరియా తుఫాను వలన మృతులైనవారు 64 మంది యని ప్రభుత్వము మొదట ప్రకటించెను. ఆ లెక్కను ఎవరును నమ్మలేదు. ప్రభుత్వమే నియోగింపగా జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు విచారించి, 2018 ఆగస్టులో, ఆరు నెలల కాలములో 2,975 మంది అధికముగా మరణించిరని తేల్చిరి. గాలికి గోడకూలి చచ్చినవారు కొందరే. తక్కినవారిలో పెక్కురు ముసలివారు, పేదలు; తుఫాను వెలిసి ఆకాశము నిర్మలమైన పిదప, దినదినమును గండముగా గడపి, మందు చల్లబడక, యంత్రము నడువక, వైద్యుని యొద్దకు దారిలేక పోయినవారు. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న తేడాయే విద్యుత్తునుగూర్చి నేను వ్రాయదలచిన సంగతికి మూలము. తుఫాను ఒకనాటిది, చీకటి మాసములది.

సౌరఫలకములున్న ప్రతి యింటను ఆ రాత్రి దీపము వెలిగినదని సోదరీమణులు తలపరాదు. సాధారణముగ మనయూళ్లలో మిద్దెలమీద బెట్టించుకొను ఫలకములు ఊరి తీగెతో ముడివడి యుండును. తీగెలో విద్యుత్తు నిలిచిన తోడనే అవియు తమంత నిలిచిపోవును. చెడిన తీగెను బాగుచేయుటకు స్తంభమెక్కినవానికి మన యింటినుండి పోయిన విద్యుత్తు తగిలి ప్రాణము మీదికి రాకుండుటకై చేసిన కట్టుబాటది. కనుక విపత్తున నక్కరకు రావలెనన్న బ్యాటరీయు, ఊరి తీగెనుండి విడివడి స్వతంత్రముగ నడచు ఏర్పాటును ఉండితీరవలెను. ఫలకములను గట్టిగా బిగింపవలెను గూడ. దీవి తూర్పున ఉమకావో యొద్ద నున్న పెద్ద సౌరక్షేత్రము ఆ గాలికే చెదరిపోయెను. బ్యాటరీకే వెల అధికము, అదియే ముందుగ ముసలిదగును. పేదయింటివారు తమంత తాము కొనుక్కొనగలది కాదు. అందుచేతనే దానధనము, వాడుకలో గ్రాంటు అనునది, ప్రసక్తమగుచున్నది.

మరియా తరువాత అడ్‌హుంతాసునకు నలుదెసలనుండి విరాళములు వచ్చినవి. ఆ ధనమును ఊరంత సమముగ పంచియుండిన ఇంటికొక దీపమై ముగిసియుండెడిది. కాసా ప్వెబ్లోవారు అట్లు చేయలేదు. మూత్రపిండముల వ్యాధితో ఇంటనే డయాలిసిస్ చేసికొనువారికిని, ఊపిరియంత్రము వలసినవారికిని, కొండపల్లెలలో సరకులమ్ము చిల్లర దుకాణములకును, మంగలి దుకాణమునకును, ఇనుపసామాను కొట్టునకును, వృద్ధుల ఆశ్రమమునకును, అగ్నిమాపక శాలకును ముందుగ సౌరవిద్యుత్తు పెట్టించిరి. మంగలి దుకాణమేల యని నవ్వవచ్చును. పల్లెటూరిలో నలుగురు గూడి క్షేమసమాచారము చెప్పుకొను చోటది. అచ్చట దీపమున్న వార్త తెలియును, ఫోను నిండును. మనయూళ్ల నైన రచ్చచెట్టు గలదు. ఎవరికి ముందు వడ్డింపవలెనను ఇల్లాలి విచారణ యనగా నిదియే.

అన్నిటికంటె పెద్ద గ్రాంటు హొనోల్డ్ ఫౌండేషను అను ధర్మసంస్థ నుండి వచ్చెను. త్రాడైన లేకుండ ఒంటిగ నిట్టనిలువు కొండల నెక్కుటలో జగత్ప్రసిద్ధుడైన అలెక్స్ హొనోల్డ్ 2012లో స్థాపించిన సంస్థ యది. ప్రాణభయము లేనట్లు కొండలెక్కువాడు, పరుల యింట దీపమునుగూర్చి ఇంత జాగ్రత్త వహించుట వింతగా దోచును. ఆ సాయముతో పట్టణపు నడిబొడ్డున నున్న చౌకము చుట్టుపట్ల పదికి మించిన దుకాణములను గలిపి, వాని కప్పులమీద సుమారు 700 ఫలకములు పరచి, పెద్ద బ్యాటరీలు నెలకొల్పిరి. ఒకటి చెడినను మరియొకటి సాయపడునట్లు చిన్న విద్యుద్వలయముగా గూర్చినదానిని మైక్రోగ్రిడ్డు అందురు. 2023 మార్చి నెలలో ఊరివారు ‘సూర్యుని ఊరేగింపు’ జరిపి దానిని ప్రారంభించిరి. రొట్టెల అంగడి, మందుల దుకాణము, భోజనశాల మొదలైనవి అందులో జేరినవి. దీవి యంతయు చీకటియైనను ఊరివారికి అన్నమును మందును దొరకవలెననుట ఉద్దేశము.

దీనిలో నాకు మిక్కిలి నచ్చినది ఫలకములు గావు, పద్దు. దుకాణదారులు సౌరశక్తి సంఘమని యొకటి పెట్టుకొనిరి. మైక్రోగ్రిడ్డునకు సొంతదారు ఆ సంఘమే. దుకాణములవారు వాడుకొన్న విద్యుత్తునకు ప్రభుత్వపు ధరకంటె తక్కువ ధరను సంఘమునకు జెల్లింతురు. ఆ సొమ్ము మరమ్మతులకును ఊరిలో మరికొన్ని యిండ్లకు దీపము పెట్టించుటకును వినియోగించుట యేర్పాటు. ఉచితముగ వచ్చిన వస్తువును ఉచితముగనే వాడుకొనుచు పోయినచో, బ్యాటరీ ముసలిదైననాడు మరల దాత గుమ్మమే శరణ్యము. ధర్మమునకు వచ్చిన కుట్టుయంత్రము, సూదికిని నూనెకును డబ్బు తీసిపెట్టువారు లేక మూలబడుట మన మహిళా సమాజములలో జూడని విషయమా?

సర్కారు ధనము నడచిన దారి వేరు. విద్యుత్తు తీగెల పునర్నిర్మాణమునకై అమెరికా విపత్సహాయ శాఖవారు 2020లో 900 కోట్ల డాలర్లకు మించి మంజూరు చేసిరి. మంజూరు వేరు, ఖర్చు వేరు. ఎస్టిమేట్లు, అనుమతులు, తనిఖీలు, మరల ఎస్టిమేట్లు. 2022 సెప్టెంబరు 18న ఫియోనా తుఫాను వచ్చునప్పటికి తీగెలు చాలవరకు మునుపటివే. ఫియోనా గాలి మరియా గాలివంటిది కాదు. అయినను దీవి యంతయు మరల చీకటియయ్యెను. కాసా ప్వెబ్లోలో మాత్రము దీపమారలేదు.

ఆ సంవత్సరాంతమున అమెరికా శాసనసభ మరియొక నిధి నేర్పరచెను. 100 కోట్ల డాలర్లు. బీదకుటుంబముల యిండ్లకు, అందును డయాలిసిస్ యంత్రము, విద్యుత్తుతో నడచు చక్రాల కుర్చీ మొదలైనవి లేక బ్రదుకలేని రోగులున్న యిండ్లకు, ఉచితముగ ఫలకములును బ్యాటరీలును బెట్టించుట అందలి మొదటి పని. 2,975 అను సంఖ్యను జూచి చేసిన దానమిది. తదుపరి, 2024 డిసెంబరులో, ఆ నిధిలోనే 36 కోట్ల 50 లక్షల డాలర్లను ఆరోగ్య కేంద్రములమీదను, పేదలు గుమిగూడి నివసించు పెద్ద వసతిగృహములమీదను సౌరవిద్యుత్తు పెట్టించుటకు ప్రత్యేకించిరి. ప్రభుత్వము మారినది. 2025 మే నెలలో విద్యుచ్ఛక్తి శాఖవారు ఆ 36 కోట్ల 50 లక్షలను వెనుకకు దీసికొని, దీవి తీగెల మరమ్మతునకును యంత్రశాలల కట్టుదిట్టమునకును మళ్లించుచున్నామని ప్రకటించిరి. కొద్ది యిండ్లకు బదులు దీవిలోని వారందరికిని మేలగునని వారి వాదము.

వాదములో కొంత న్యాయము లేకపోలేదు. తీగె బాగుపడవలసినదే, 2024 డిసెంబరు 31వ తేదీనను, 2025 ఏప్రిల్ 16వ తేదీనను గాలి వాన లేకుండనే దీవి దాదాపు యావత్తును చీకటిలో మునిగినది. కాని తీగెకు 2020లోనే అంతకు ఇరువదియైదింతల ధనము కేటాయించియుండగా, ఆరోగ్య కేంద్రమునకు జూపిన చిన్న విస్తరినే తీసి అందులో గలుపుట యే ధర్మమో నాకు బోధపడదు. దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని పెద్దలు చెప్పిరి. పాత్రము ఊపిరియంత్రము కానుకొనియున్న రోగి. కాలము తుఫానునకు ముందు. వాన వెలిసిన పిదప గొడుగు నిచ్చుట సులభము. అప్పుడు ఫొటోలు కూడ బాగుగ వచ్చును.

తండ్రి తరువాత కాసా ప్వెబ్లో భారము కుమారుడైన అర్తూరో మసోల్ దెయా గారు వహించిరి. ఆయన మయగ్వెస్ విశ్వవిద్యాలయమున జీవశాస్త్రాచార్యులు. ఆ యింట పుస్తకములు, చేతిపనుల అంగడి, సంగీత పాఠములు, సూర్యశక్తితో నడచు చిన్న సినిమా, సొంత రేడియో గలవు. రేడియో స్థానమునకును విద్యుత్తు ఎండనుండియే. జూన్ నుండి నవంబరు వరకు అచ్చట తుఫానుల ఋతువు. ఆ ఆరు మాసములును బ్యాటరీలను నిండుగ నుంచుకొందురు. కాఫీ కోతలు ఆగస్టు సెప్టెంబరు నెలల నారంభమగును. మరియా వచ్చిన దినమును కోతల కాలమే.